క్షమించే ముందు లెక్క రాయండి

మా తమ్ముడి చీటీకి జామీను సంతకం పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. స్కూల్లో ఇంటర్వెల్ టైమ్‌కి వచ్చాడు. కాగితాలు బండి సీటు మీద పెట్టి, పెన్సిల్‌తో టిక్కు ఉన్న చోటల్లా సంతకం పెట్టమన్నాడు. ఏడు చోట్ల పెట్టాను. బెల్లు కొట్టారని చదవకుండానే పెట్టాను. 3 లక్షల చీటీ, 40 నెలలు, నెలకు 7,500. వాడు పాట పాడుకుని డబ్బు ఎత్తుకున్నాడు, తొమ్మిది నెలలు కట్టాడు, ఆ తర్వాత మానేశాడు. నోటీసు నేరుగా స్కూలుకే వచ్చింది. హెడ్మాస్టరు గారు దాన్ని నాలుగు మడతలు పెట్టి, అటెండెన్స్ రిజిస్టర్ కింద నుంచి నా వైపు జరిపారు, పక్కవాళ్లు చూడకూడదని. మిగతా 31 నెలలూ నా జీతంలోంచే పోయాయి. మొత్తం 2,32,500 రూపాయలు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను రిటైరయ్యాను కూడా. ఇప్పుడు మందిరంలో ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఎవరో ఒకరు ఆపి, "ఆంటీ, క్షమించాలని ఉంది, కానీ నా వల్ల కావట్లేదండీ" అంటుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నేను పాస్టరమ్మను కాను, వేదాంతం చదువుకోలేదు. మాది ఒంగోలు ప్రాంతం. 1878లో గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా వైపు సండే స్కూలు పిల్లలక్కూడా తెలుసు. అన్ని తరాలుగా వాక్యం వింటున్న ఊళ్లలో పుట్టి పెరిగి కూడా, సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ముందు లెక్క రాయాలి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "పర్లేదులే, పోనీలే" అనేసి అదే క్షమించడం అనుకుంటారు. పోనీలే అన్నది పోదు. పొయ్యిలో నివురు కప్పిన నిప్పులాగా అక్కడే ఉంటుంది.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి రాసిన మాట చూడండి: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." ఋణస్థులట. బాకీ ఉన్నవాళ్లు. చిన్నప్పటి నుంచీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసే ఆ వాక్యం, జీతంలో కోత మొదలైన నెల మందిరంలో చెబుతుంటే నా గొంతులో అడ్డం పడింది. ఋణస్థుడు మూడు బెంచీల అవతలే కూర్చుని ఉన్నాడు మరి!

బాకీ రద్దు చేయాలంటే ముందు ఎంత బాకీయో తెలియాలి కదా. అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చోండి. మధ్యలో గీత కొట్టి, ఎడమ వైపు వాళ్లు ఏం చేశారో, కుడి వైపు దానివల్ల మీకు ఏం పోయిందో రాయండి. పెద్ద మాటలు వద్దు. "నన్ను మోసం చేశాడు" అని రాస్తే అది లెక్క అవదు, తిట్టు అవుతుంది. నేను ఇలా రాశాను: జూన్, 7,500, అమ్మాయి కాలేజీ ఫీజు ఆలస్యం, 500 ఫైన్. ఆగస్టు, 7,500, మా ఆయన కంటి ఆపరేషన్ వాయిదా. డిసెంబరు, 7,500, క్రిస్మస్‌కి ఎవరికీ కొత్త బట్టల్లేవు, పిండివంటలు అరిసెలతో సరి. అలా 31 వరసలు.

ముప్పై రెండో వరస రాస్తానని నేనే అనుకోలేదు. చెయ్యి దానంతట అదే రాసింది. ఎడమ వైపు: చిన్నాన్న గారి అబ్బాయి పెళ్లిలో, భోజనాల బంతిలో, అందరి ముందూ "అక్కకేం, గవర్నమెంటు జీతం, నెల తిరిగేసరికి వచ్చి పడుతుంది" అని నవ్వాడు. కుడి వైపు ఏం రాయాలో తోచలేదు. ఖాళీగా వదిలేశాను.

నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది 2,32,500 కాదని, ఆ నవ్వని అప్పుడు తెలిసింది. రెండేళ్లుగా నేను "ప్రభువా, డబ్బు విషయం క్షమించే మనసివ్వు" అని ప్రార్థన చేస్తున్నాను. అడుగుతున్న జబ్బు ఒకటి, ఉన్న జబ్బు ఒకటి. మీ నోట్‌బుక్‌లో కూడా ఏదో ఒక వరస అలాంటిది ఉంటుంది. అది దొరికేదాకా రాయండి.

ఇంత లెక్క రాయడం క్రైస్తవం కాదేమో అని కొందరు భయపడతారు. 55వ కీర్తన తీయండి. "నన్ను దూషించువాడు శత్రువు కాడు, శత్రువైనయెడల నేను దాని సహింపవచ్చును" అంటాడు దావీదు. కలిసి మందిరానికి నడిచిన స్నేహితుడే అలా చేశాడని గోల పెడతాడు. అది బైబిల్లోనే ఉంది, ఎవరూ కొట్టేయలేదు. దేవుడి ముందు పెట్టే గోలకు హద్దు లేదు. బయట పెట్టే గోలకు ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత, మత్తయి 18లోని లెక్క చేయాలి

నేను లెక్కల టీచర్ని కాబట్టి ఈ భాగం నాకు ఇష్టం. రాజుగారికి పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు, వాడికి నూరు దేనారాలు బాకీపడ్డ తోటి దాసుడు. రాజు వాడి బాకీ అంతా క్షమించాడు, వాడు మాత్రం తోటి దాసుణ్ని చెరసాలలో వేయించాడు. ఈ కథ మీద వందసార్లు ప్రసంగం విని ఉంటారు. కానీ నూరు దేనారాలంటే చిల్లర డబ్బులన్నట్టు చెబుతారు కొందరు. కాదు. ఒక దేనారం అంటే ఒక రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లకు ఇచ్చింది అదే. రోజు కూలి 500 అనుకుంటే నూరు దేనారాలు 50,000 రూపాయలు. కూలి చేసుకునేవాడికి అది పెద్ద దెబ్బే. యేసు ప్రభువు దాన్ని చిన్నది చేసి చెప్పలేదు. మీకు జరిగింది కూడా చిన్నదేమీ కాదు. ఎవరైనా "అంత మాత్రానికేనా" అంటే నమ్మకండి.

ఇక రెండో వైపు. ఒక తలాంతుకు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. 500 చొప్పున 3,000 కోట్ల రూపాయలు. లక్షా అరవై వేల ఏళ్లకు పైగా రోజూ పని చేసి, ఒక్క పైసా తినకుండా కట్టాలి. "అన్నీ చెల్లిస్తాను, కొంచెం ఓర్చుకో" అన్నాడట ఆ దాసుడు! మా తమ్ముడు కూడా చీటీవాళ్లతో సరిగ్గా ఇదే మాట అన్నాడు.

నా నోట్‌బుక్ చివర నా బాకీని కూడా దేనారాల్లోకి మార్చాను. 2,32,500ను 500తో భాగిస్తే 465. కథలో దాసుడి కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ నష్టపోయానని ఒక్క క్షణం గర్వం కూడా వేసింది. ఆ కింద 6 కోట్లు అని రాసి, దాని ఎదురుగా నా పేరు రాసుకున్నాను. నేను ఏం బాకీయో ఇక్కడ రాయను. అది నాకూ దేవుడికీ మధ్య ఉన్న లెక్క. మీది మీరు రాసుకోండి. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి, అంతే. వేరే పేజీల్లో ఉంటే పని చేయదు.

కొట్టివేత

మనసు మెత్తబడ్డాక క్షమిద్దాం అనుకుంటే అది ఎప్పటికీ కుదరదు. నాది మెత్తబడలేదు. ఒక శనివారం రాత్రి, మర్నాడు మందిరంలో ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన ఉందనగా, నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఒక్కో వరసా పైకి చదివాను. "ప్రభువా, ఫలానా నెల, 7,500, ఇది వాడు నాకు బాకీ లేడు" అని వాడి పేరు పెట్టి చెప్పి స్కేలుతో గీత కొట్టాను. పేరు పైకి అనడం ముఖ్యం. "అందరినీ క్షమిస్తున్నాను" అంటే ఎవరినీ క్షమించనట్టే. 31 కొట్టడానికి ముప్పావు గంట పట్టింది. 32వది ఆ రాత్రి కొట్టలేకపోయాను. దాచి చెప్పడం దేనికి, ఇంకో ఏడాది పట్టింది.

కొట్టాక హాయిగా ఉంటుందని ఆశించకండి. నాకు ఆకలేసింది, పెరుగన్నం తిని పడుకున్నాను.

అసలు పని తర్వాత మొదలవుతుంది. కొట్టేసిన బాకీ తిరిగి వస్తుంది. ఎవరో చీటీ అనే మాట ఎత్తితే వస్తుంది. తమ్ముడు కొత్త ఫోను కొన్నాడని తెలిస్తే వస్తుంది. "ఏడుమారులమట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అని ప్రభువు పేతురుతో అన్న మాట నేను చిన్నప్పుడు తప్పుగా అర్థం చేసుకున్నాను. డెబ్బై ఏళ్ల పాటు క్షమించాలేమో, డెబ్బై ఒకటో ఏట మానేయొచ్చేమో అనుకునేదాన్ని. ఏళ్లంటే ఏడులని, 490 సార్లని సండే స్కూలు టీచరు నవ్వుతూ చెప్పారు. ఇప్పుడు ఆలోచిస్తే నా చిన్నప్పటి అర్థం కూడా అంత తప్పేం కాదనిపిస్తుంది. ఒకే తప్పును ఏళ్ల తరబడి క్షమించాల్సి వస్తుంది. అది మళ్లీ వచ్చినప్పుడు "అయ్యో, నేను నిజంగా క్షమించలేదు" అని బెంగపడొద్దు. "ఇది కొట్టేశాం ప్రభువా" అని ఒక్క మాట అనుకుని చేస్తున్న పని చేసుకోండి. అంట్లు తోముతుంటే తోముతూనే ఉండండి. కూర్చుని తలచుకుంటే మాత్రం మళ్లీ మొదటి వరస నుంచి మొదలవుతుంది.

నేను చేసిన తప్పు, మీరు చేయకండి

స్త్రీల సమాజంలో ప్రార్థన అంశాలు అడుగుతారు కదా. ఒక బుధవారం నేను లేచి, "మా కుటుంబంలో ఒకరు ఆర్థికంగా నన్ను చాలా బాధపెట్టారు, వారిని క్షమించాను, వారి మారుమనస్సు కోసం ప్రార్థించండి" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది, నాకున్నది ఒక్కడే తమ్ముడు! ఆదివారానికి సంఘమంతా పాకింది. మా మరదలు ఆ రోజు నుంచి మందిరానికి రావడం మానేసింది. చీటీ డబ్బు వాడు దేనికి వాడాడో కూడా ఆ పిల్లకు తెలియదని నాకు తర్వాత తెలిసింది.

ప్రార్థన అంశం పేరుతో చెప్పినా చాడీ చాడీయే. మత్తయి 18లోనే అంత స్పష్టంగా ఉంది: నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వు వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు గద్దించు అని. ఇద్దరే. ఆ తర్వాతే ఒకరిద్దరు సాక్షులు, ఆ తర్వాతే సంఘం. నేను నేరుగా మూడో మెట్టు ఎక్కేశాను.

అడగని మనిషి దగ్గరికి వెళ్లి "నిన్ను క్షమించాను" అని చెప్పడం కూడా ఇలాంటిదే. మీకది దీవెనలా ఉంటుంది, వినేవాడికి నేరం మోపినట్టు ఉంటుంది. అడిగితే చెప్పండి. అడక్కపోతే మీ ప్రవర్తనలో కనబడనివ్వండి.

ఇప్పుడు బాకీ నాది అయింది. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు అని మత్తయి 5లో ఉంది. మన భాషలో ఒక తమాషా ఉంది చూడండి. బయట క్షమాపణ అంటే మనం అడిగేది, చెప్పుకునేది. మందిరంలో పాపక్షమాపణ అంటే మనం పొందేది. రెండింటికీ ఒకటే మాట. ఆ వారం నేను ఆ మాటకు ఈ చివర నిలబడాల్సి వచ్చింది.

మరదలి ఇంటికి వెళ్లాను. పళ్లు, స్వీట్లు ఏమీ పట్టుకెళ్లలేదు. చేతిలో ఏదైనా ఉంటే మాట దాని చాటున దాక్కుంటుంది. గుమ్మంలోనే చెప్పాను: "అమ్మాయ్, బుధవారం కూటంలో నేనన్న మాట వల్ల నీ పరువు పోయింది. అది తప్పు. నన్ను క్షమించు." అంతే. "నా బాధలో అన్నాను గానీ" అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. క్షమాపణ అడిగేటప్పుడు కానీ, గానీ, అయినా అనే మూడు మాటలు ఇంట్లో వదిలి వెళ్లండి. ఆ పిల్ల ఏమీ అనలేదు. మంచినీళ్లు ఇచ్చింది. "సరే వదినా" అనడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. పట్టనివ్వాలి. మనకు ఏడాది పట్టింది ఎదుటివాళ్లకు ఒక్క పూటలో అయిపోవాలంటే ఎలా?

కూటంలో అందరి ముందూ అన్నదాన్ని అందరి ముందే దిద్దుకోవాలి కాబట్టి, తర్వాతి బుధవారం లేచి "పోయిన వారం నేను చెప్పకూడని మాట చెప్పాను" అని కూర్చున్నాను. ఎంత చిన్నగా చెబితే అంత మంచిది.

సంతకం సంగతి

క్షమించాక మళ్లీ సంతకం పెట్టాలా? అందరూ అడిగేది ఇదే. వద్దు. మా తమ్ముడు రెండేళ్ల తర్వాత వేరే లోనుకు జామీను అడిగాడు. "క్షమించానన్నావుగా అక్కా" అన్నాడు కూడా. "క్షమించాను కాబట్టే ఈ బాకీ మన మధ్య మళ్లీ పుట్టడం నాకిష్టం లేదురా" అన్నాను. మా ఆయన ఈ విషయంలో నాకంటే తెలివైనవాడు. "క్షమించడానికి దేవుణ్ని అడుగు, సంతకానికి నన్నడుగు" అంటాడు.

నాకిందులో ధైర్యం ఇచ్చింది యోసేపు. ఆదికాండము 42 నుంచి 45 దాకా ఒక్క బిగిన చదవండి. ఒకప్పుడు తనను అమ్మేసిన అన్నలే ధాన్యం కోసం వచ్చారు. గుర్తుపట్టాడు. ధాన్యం ఇచ్చాడు, వాళ్లు కట్టిన డబ్బు కూడా వాళ్ల సంచుల్లోనే తిరిగి పెట్టించాడు. కానీ "నేను యోసేపును" అని మాత్రం చెప్పలేదు. వాళ్లలో షిమ్యోనును ఆపాడు, ఇంటి దగ్గరున్న తమ్ముడు బెన్యామీనును తెమ్మన్నాడు, వెండి గిన్నె వాడి సంచిలో పెట్టించాడు. తమ్ముడి బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా అన్నాక, అప్పుడు ఏడ్చి చెప్పాడు. ధాన్యం ముందే ఇచ్చాడు, నమ్మకం ఆలస్యంగా ఇచ్చాడు. కృప అడ్వాన్సుగా ఇవ్వొచ్చు. నమ్మకం మాత్రం కొద్దికొద్దిగా, చూసుకుంటూ ఇవ్వాలి.

కృప చూపించడమంటే ఏం చేయాలి మరి? మీరు మళ్లీ లెక్క రాసుకోకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వండి. నేను సంతకం పెట్టలేదు, మేనల్లుడి ఇంటర్ పరీక్ష ఫీజు మాత్రం కాలేజీలో నేనే కట్టాను. వాడికి డెంగ్యూ వచ్చి హాస్పిటల్లో పడినప్పుడు అయిదు రోజులు క్యారియర్ పంపాను. చారు, మెత్తగా ఉడికించిన అన్నం. ఇస్తున్నప్పుడు మనసులో "చూశావా" అనే మాట వస్తే ఆ ఇచ్చేది ఎక్కువైందని అర్థం, తగ్గించండి.

ఇదంతా డబ్బు సంగతి, మాట సంగతి. కొట్టే భర్త, ఒంటి మీద చెయ్యి వేసే బంధువు, ఇలాంటి చోట "క్షమించి సర్దుకుపోమ్మా" అని సంఘపెద్దలు అంటే వినకండి. అంత కోపంగా ఎందుకంటున్నానంటే, అలా సర్దుకుపోయిన ఆడపిల్లల్ని నా క్లాసు పిల్లల తల్లుల్లోనే చూశాను. ముందు అక్కడి నుంచి బయటికి రండి. మహిళల హెల్ప్‌లైన్ 181కో, అత్యవసర నంబరు 112కో ఫోను చేయండి. క్షమించడం దూరంగా, క్షేమంగా ఉండి చేసుకోవచ్చు. రోమా 12లో పౌలు కూడా "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా ఉండమనే కదా అన్నాడు.

ఆస్ట్రేలియా మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి ప్రతి సంఘంలో చెబుతారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె క్షమించానన్నారు, వెంటనే దేశం వదిలిపోకుండా బారిపదలో కుష్ఠురోగుల సేవలో కొన్నేళ్లు ఉన్నారు. ఈ ఉదాహరణ వింటే నాకు మొదట్లో ఒళ్లు మండేది. ఆమె అంత క్షమిస్తే నువ్వు చీటీ డబ్బులు క్షమించలేవా అని కొట్టినట్టుండేది. తర్వాత ఒకటి గమనించాను. ఆమె క్షమించినంత మాత్రాన కేసు ఆగలేదు. ప్రధాన ముద్దాయి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె వదిలింది తన పగ. కోర్టు పని కోర్టు చేసింది. ప్రసంగాల్లో ఈ రెండో సగం కూడా చెబితే బాగుంటుంది.

వాళ్లు తిరిగి కట్టడానికి వస్తే

దీని గురించి నాకెవరూ చెప్పలేదు. పోయిన క్రిస్మస్ ముందు శనివారం మా తమ్ముడు ఇంటికొచ్చాడు. చేతిలో పెళ్లి శుభలేఖల కవరు. "అక్కా, అయిదు వేలు. నెలనెలా కాకపోయినా అప్పుడప్పుడూ ఇస్తాను" అన్నాడు. నా నోటి వెంట "వద్దులేరా, నేనెప్పుడో వదిలేశాను" అనే మాట రాబోయింది. మా ఆయన తలుపు దగ్గర నుంచి కళ్లతోనే ఆపాడు.

తీసుకోండి. మన లెక్కలో బాకీ లేకపోయినా వాళ్ల లెక్కలో ఉంటుంది. దాన్ని తీర్చుకోవాలని వచ్చిన మనిషిని వద్దని పంపిస్తే, వాడు జన్మంతా మన ముందు తల దించుకునే తిరగాలి. అది మనకు బాగానే ఉంటుంది, అదే ప్రమాదం. తీసుకుని, లెక్కపెట్టకుండా లోపల పెట్టండి. నోట్‌బుక్‌లో జమ వేయకండి, ఆ పేజీలు కొట్టేసినవి.

నేను కవరు బీరువాలో పెట్టి, అన్నానికి కూర్చోమన్నాను. చేపల పులుసు నిన్నటిది, అందుకే ఇంకా బాగుంది. రెండో వాయి వడ్డిస్తుంటే వాడు తల ఎత్తకుండా అన్నాడు, "అక్కా, ఆ కవర్లో నాలుగు వేల ఎనిమిది వందలే ఉన్నాయి. ఆటోకి రెండొందలయింది."